బొంత ధరను దారం చెప్పాలి

పాత చీరల బొంతకు కొత్త గిరాకీ వచ్చింది. అమ్మ పోయాక బీరువాలో మిగిలిన నేత చీరలు, నాన్న పంచెలు, పిల్లల చిన్నప్పటి గౌన్లు పట్టుకెళ్ళి బొంతగా కుట్టించుకుంటున్నారు. అమెరికాలో కూతురికి పురుడొస్తే అమ్మమ్మ చీరల బొంత పంపాలని అడిగేవాళ్ళూ ఉన్నారు. ఒకప్పుడు ఇంటి ఆడవాళ్ళు మధ్యాహ్నాలు కూర్చుని తమ ఇంటి కోసం కుట్టుకున్నది ఇప్పుడు ఆర్డరు మీద తయారవుతోంది. ధర మాట దగ్గర మాత్రం పాత పద్ధతే నడుస్తోంది. కుట్టే మనిషి ఒక అంకె చెబుతుంది, కుట్టించుకునే మనిషి సగానికి అడుగుతుంది, మధ్యలో ఎక్కడో బేరం తెగుతుంది. ఆ అంకె ఎక్కణ్ణించి వచ్చిందంటే ఇద్దరూ చెప్పలేరు.

చేతికుట్టు బొంతకు ధర కట్టే పద్ధతులు మన దగ్గరా, బయటి దేశాల్లోనూ నాలుగైదు ఉన్నాయి. వాటిలో ఏది కుట్టే మనిషికి గిట్టుబాటు, ఏది పైకి న్యాయంగా కనిపిస్తూ ఆమె కూలిని మింగేస్తుంది అన్నది తేల్చుకోవాలి. చేతిపనికి విలువ ఇవ్వాలని అందరం అంటాం. ఎంత ఇవ్వాలో లెక్క కట్టనంతకాలం ఆ మాట మాటగానే ఉండిపోతుంది.

అంగట్లో ధరతో పోలిక

అందరికీ ముందు తోచేది ఇదే. బజార్లో దుప్పటి ఎంతకు వస్తోంది, దానికి కొంచెం అటూ ఇటూగా బొంత ధర ఉండాలి అనుకుంటారు. మనవైపు దుకాణాల్లో చవగ్గా దొరికే దుప్పట్లలో చాలా భాగం పానిపట్ మిల్లులవి. పాత ఉన్ని బట్టలు, సింథటిక్ బట్టలు చించి, మళ్ళీ నూలు తీసి, మరమగ్గాల మీద నేసే పెద్ద పరిశ్రమ అది. అక్కడ ఒక దుప్పటికి పట్టే మనిషి శ్రమ నిమిషాల్లో ఉంటుంది. చేతి బొంతకు పట్టేది రోజుల్లో ఉంటుంది. రెండూ కప్పుకునేవే అయినంత మాత్రాన ఒక ధరకు రావు.

ఈ పోలిక ఎంత నష్టం చేస్తుందో అమెరికా అనుభవం చూపించింది. స్మిత్సోనియన్ మ్యూజియం తన దగ్గరున్న పాత అమెరికన్ క్విల్టుల (అక్కడి బొంతల) నమూనాలను చైనాలో కుట్టించి అమ్మడానికి 1990ల మొదట్లో ఒక కంపెనీకి అనుమతిచ్చింది. 1992లో అమెరికా క్విల్టు కళాకారులు వీధికెక్కి నిరసన తెలిపారు. నమూనా పోయిందన్న బాధ ఒకటైతే, చూసేవాళ్ళ మనసులో చేతి క్విల్టు ధర అంటే ఇంతే అన్న అంకె పడిపోయిందన్నది అంతకన్నా పెద్ద బాధ. ఆ అంకె ఒకసారి పడ్డాక దాన్ని పైకి లేపడం ఎంత మంచి పనివాళ్ళకైనా కష్టమే.

గుడ్డ ఖరీదుకు రెండింతలు, మూడింతలు

రెండో పద్ధతి సరుకు ఖరీదు మీద నడుస్తుంది. పైగుడ్డ, లోపలి దూది పొర, అడుగు గుడ్డ, దారం అన్నీ కలిపి ఎంతయిందో చూసి దానికి రెండింతలో మూడింతలో చెప్పడం. అమెరికాలో ఇంటి దగ్గర కుట్టేవాళ్ళలో ఇది చాలాకాలంగా ఉన్న వాడుక. అక్కడ క్విల్టుకు కావాల్సిన గుడ్డంతా కొత్తగా కొంటారు, దానికే చాలా ఖర్చవుతుంది కాబట్టి మూడింతలంటే చెప్పుకోదగ్గ మొత్తమే వస్తుంది.

మన బొంతకు ఈ సూత్రం పనికిరాదు. చీరలు కుట్టించుకునేవాళ్ళవి. కుట్టే మనిషి పెట్టేది దారం, అంచు గుడ్డ, మహా అయితే అడుగున వేసే లైనింగు. సరుకు ఖరీదు దాదాపు సున్నా అయితే దాని మూడింతలూ సున్నాకు దగ్గరే. "చీరలు మావేగా, నీకు ఖర్చేముంది?" అన్న మాట పుట్టేది ఈ లెక్కలోంచే. ఎంత పాత గుడ్డయితే అంత తక్కువ ధర అన్న తప్పుడు తూకం కూడా ఇక్కడిదే. నిజానికి పాత గుడ్డతోనే పని ఎక్కువ. చివికిన చోట్లు వెతికి పక్కన పెట్టాలి, మరకలు తప్పించి కత్తిరించాలి, పలచబడ్డ చోట లోపలివైపు ఇంకో గుడ్డ ఆనించాలి.

చదరపు అడుగు లెక్క

మూడోది వైశాల్యం. పొడవూ వెడల్పూ కొలిచి చదరపు అడుగుకు ఇంత అని చెప్పడం. వినేవాళ్ళకు తేలిగ్గా అర్థమవుతుంది, చెప్పేవాళ్ళకూ నోరు నొప్పి ఉండదు. అమెరికాలో లాంగ్ ఆర్మ్ అనే పెద్ద మిషన్ల మీద పొరలు కలిపి కుట్టిచ్చేవాళ్ళు చదరపు అంగుళానికి సెంట్ల లెక్కన తీసుకుంటారు. సాదా కుట్టుకు సాధారణంగా రెండు నుంచి నాలుగు సెంట్లు. 60 అంగుళాలకు 80 అంగుళాల క్విల్టు 4,800 చదరపు అంగుళాలు కాబట్టి 96 నుంచి 192 డాలర్లవుతుంది. మిషను ఒకే వేగంతో నడుస్తుంది కాబట్టి అక్కడ వైశాల్యమూ సమయమూ చేయి పట్టుకుని నడుస్తాయి.

చేతికుట్టులో ఆ రెండూ విడిపోతాయి. ఆరడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు ఉన్న ఒకే కొలత బొంతలు రెండు తీసుకుందాం. రెండూ 30 చదరపు అడుగులే. మొదటిదానిలో కుట్టు వరసలు అంగుళం ఎడంలో, రెండోదానిలో అరంగుళం ఎడంలో ఉన్నాయి. మొదటిదానిలో 60 వరసలు, ఒక్కో వరస ఆరడుగులు, మొత్తం 360 అడుగుల కుట్టు. రెండోదానిలో 720 అడుగులు. నాలుగైదు పొరల చీరల్లోంచి దబ్బనం దింపి పైకి తీస్తూ ఒక అడుగు కుట్టడానికి, మధ్యలో దారం ఎక్కించి ముడేసే సమయం కలుపుకుని, మూడు నిమిషాలు అనుకుంటే మొదటిదానికి 18 గంటలు, రెండోదానికి 36 గంటలు. చదరపు అడుగు లెక్కన రెంటికీ ఒకే ధర. దగ్గర దగ్గరగా, గట్టిగా, పదేళ్ళు నిలిచేలా కుట్టిన మనిషికి సగం కూలి పడుతుంది. ఈ పద్ధతి ఎక్కువకాలం నడిస్తే వరసలు ఎడంగా వేయడమే తెలివి అన్న పాఠం పనివాళ్ళకు మనమే నేర్పినట్టు. పొరలు కదిలి, నాలుగు ఉతుకులకే బొంత ఉండలు కట్టుకుపోతే తప్పు ఆమెది కాదు, ధర కట్టిన పద్ధతిది.

దారం కొలత

పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ ప్రాంతంలో ఆమిష్ అనే క్రైస్తవ సముదాయపు స్త్రీలకు చేతికుట్టులో మంచి పేరుంది. అక్కడ పొరలు కలిపి చేత్తో కుట్టే పనికి కూలి కట్టే వాడుక ఒకటి నన్ను బాగా ఆకట్టుకుంది. క్విల్టుకు ఎన్ని గజాల దారం పట్టిందో లెక్కపెట్టి, గజానికి ఇంత అని ఇస్తారు. ఇందులో ఉన్న తెలివి చూడండి. వరసలు దగ్గరైతే దారం ఎక్కువ పడుతుంది, కూలి పెరుగుతుంది. డిజైను చిక్కుగా ఉండి వంపులు తిరిగితే దారం ఎక్కువ పడుతుంది, కూలి పెరుగుతుంది. పనితనాన్ని చూసే కన్ను ఒక్కొక్కరికి ఒక్కోలా ఉండొచ్చు. దారం ఎవరు కొలిచినా ఒకటే.

మన బొంతకు ఈ పద్ధతి చక్కగా అతుకుతుంది. మన దగ్గర దారం ఉండ కొనేటప్పుడే దాని పొడవు తెలుస్తుంది. ఎన్ని ఉండలు అయ్యాయో, చివర ఎంత మిగిలిందో రాసుకుంటే చాలు. రెండు మూడు బొంతలు ఇలా లెక్కపెడితే తన చేతికి ఉండకు ఎన్ని గంటలు పడుతుందో ఎవరికి వారికి తెలిసిపోతుంది. ఆ తర్వాత ఏ బొంత వచ్చినా వరసల ఎడం అడిగి, కొలత చూసి, కుట్టకముందే గంటలు చెప్పగలుగుతుంది. ఇంటి పనుల మధ్య కుట్టే మనిషికి గడియారం చూసి గంటలు రాసుకోవడం కుదరదు. కుక్కరు కూతలకు, పిల్లల బడికి లేచి వెళ్తూ వస్తూ కుడుతుంది. లేచినా కూర్చున్నా దారం లెక్క తప్పదు. అందుకే గంటల లెక్కకు దారమే మంచి సాక్షి.

అయితే దారం అన్నీ చెప్పదు. చీరలు ఉతికి ఆరేసి, ఇస్త్రీ చేసి, ముక్కలు కత్తిరించి, రంగులు పేర్చి, పొరలు కదలకుండా టాకాలు వేసే పని ఆ లెక్కలోకి రాదు. చివర అంచు గుడ్డ మడిచి కుట్టేది కూడా వేరే. ఈ రెంటికీ గంటలు విడిగా కలపాలి.

గంటకు ఎంత?

గంటలు తేలాక వచ్చే ప్రశ్న గంటకు ఎంత అన్నది. ఇక్కడ కింది హద్దు ఒకటి పెట్టుకోవచ్చు. ఉపాధి హామీ పథకంలో 2024–25లో ఆంధ్రప్రదేశ్‌కూ తెలంగాణకూ రోజుకూలి 300 రూపాయలు. ఎనిమిది గంటలకు పంచితే గంటకు 37 రూపాయల 50 పైసలు. నేర్పు అవసరం లేని మట్టిపనికి ప్రభుత్వం కట్టిన కూలి అది. ఏళ్ళ తరబడి చేయి తిరిగిన సూదిపనికి దానికన్నా తక్కువ పడకూడదన్నది అందరూ ఒప్పుకోవాల్సిన మొదటి మాట. ఎంత ఎక్కువ అన్నది ఆ మనిషి అదే సమయంలో జాకెట్లు కుడితేనో, మగ్గం పని చేస్తేనో ఎంత వస్తుందో చూసి తేల్చుకోవాలి.

గంటకు 75 రూపాయలు అనుకుని ఇందాకటి రెండు బొంతలకూ లెక్క కడదాం. చీరలు కుట్టించుకునేవాళ్ళవే. లైనింగు, అంచు గుడ్డ, దారం కలిపి 600 రూపాయలు. కత్తిరింపు, టాకాలు, అంచు కలిపి తొమ్మిది గంటలు. మొదటి బొంతకు 27 గంటలు, కూలి 2,025. సరుకుతో కలిపి 2,625. సూదులు, అంగుస్తానా, కత్తెరకు సాన, కరెంటు, ఫోను, తిరుగుళ్ళ కింద 15 శాతం కలిపితే సుమారు 3,020. దాని మీద 20 శాతం లాభం వేస్తే దాదాపు 3,620. రెండో బొంతకు 45 గంటలు, కూలి 3,375. అదే వరసలో కలుపుకుంటూ వెళ్తే 5,485. ఒకే కొలత, అవే చీరలు, 1,800 రూపాయలకు పైగా తేడా. ఆ తేడా అంతా వరసల ఎడంలోనే ఉంది.

లాభం ఎందుకు వేయాలి, కూలి వచ్చిందిగా అని కొందరడుగుతారు. కూలి అంటే ఈ బొంత కుట్టినందుకు. ఆర్డర్లు లేని నెల గడవడానికి, కొత్త నమూనా ప్రయత్నించి చూడటానికి, కళ్ళజోడు మార్చుకోవడానికి డబ్బు లాభంలోంచే రావాలి. అది లేకుండా చేసే పని ఒక జబ్బు చేస్తే ఆగిపోతుంది.

ఇదే రెండో బొంతను 2,500కు బేరమాడి తెచ్చుకున్నారనుకోండి. సరుకు 600 తీసేస్తే 1,900. ఇతర ఖర్చులు ఐదారు వందలు పోతే చేతిలో మిగిలేది 1,300, 1,400. 45 గంటలకు పంచితే గంటకు 30 రూపాయలు. ఉపాధి పనికన్నా తక్కువ. బేరమాడిన మనిషి చెడ్డది కాదు, ఆమెకు ఈ లెక్క ఎవరూ చూపించలేదు. అందుకే ధర చెప్పేటప్పుడు గంటలూ సరుకూ విడివిడిగా కాగితం మీద చూపించడం మంచిది. వచ్చిన ఒక్క అంకెను చూసి బేరమాడినంత తేలిగ్గా గంటల లెక్కను చూసి బేరమాడలేరు.

పన్ను మాట కూడా మరవకూడదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి నూలు రజాయి, క్విల్టుల మీద ఒక్కోటి 2,500 రూపాయల లోపైతే 5 శాతం, దాటితే 18 శాతం జీఎస్టీ. ఇంటి దగ్గర ఏడాదికి పది పదిహేను కుట్టే మనిషి నమోదు హద్దు దాకా రాదు. జీఎస్టీలో నమోదైన సంఘంగానో, బొటీక్ ద్వారానో అమ్మితే మాత్రం కొనేవాళ్ళు కట్టే మొత్తంలో ఈ పన్ను చేరుతుంది. పన్ను చేరాక ధర ఎక్కువనిపించిందని కూలి తగ్గించడం కుదరదని ముందే అనుకోవాలి.

ఆర్డరు పనిలో ఉన్న చిక్కు

దుకాణంలో పెట్టి అమ్మే బొంత ఈ రోజు కాకపోతే రేపు అమ్ముడుపోతుంది. ఆర్డరు బొంత అలా కాదు. ఎవరి అమ్మ చీరలతో కుట్టిందో వాళ్ళు తప్ప దాన్ని ఇంకెవరూ కొనరు. సగంలో వద్దంటే ఆ శ్రమంతా వృథా. అందుకని సగం డబ్బు ముందే తీసుకోవడం ఆశ కాదు, ఆ పని స్వభావం కోరేదే అది. సరుకు ఖర్చంతా, కత్తిరింపు దాకా పట్టే కూలి అడ్వాన్సులో రావాలి. కత్తెర పెట్టాక అడ్వాన్సు తిరిగి రాదన్న మాట ముందే చెప్పుకోవాలి.

రెండో చిక్కు గుడ్డది. పాత పట్టు చీర చూడ్డానికి మెరుస్తూ ఉంటుంది గానీ ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉన్నచోట పిగిలిపోతుంది. చేతిలో పట్టుకుని లైటుకు ఎదురుగా పెడితే మడత గీత వెంట సన్నటి చీలికలు కనిపిస్తాయి. జరీ అంచు దగ్గర సూది గుచ్చితే దారం తెగి పోగులు లేస్తాయి. ముదురు రంగు నేత చీర మొదటి ఉతుకులో రంగు దిగి పక్కనున్న తెల్ల పంచె ముక్కను పాడు చేస్తుంది. అందుకే తెలిసిన పనివాళ్ళు చీరలు తీసుకున్న రోజే ఒక్కోటి పరిచి చూపించి, ఏది పైపొరకు పనికొస్తుంది, ఏది లోపలి పొరకే పనికొస్తుంది, ఏది అసలు వద్దు అన్నది ఇచ్చినవాళ్ళ ముందే తేలుస్తారు. పట్టు చీర పైకే రావాలని పట్టుబడితే దానికి వెనక పలచటి గుడ్డ ఆనించి కుట్టాలి, ఆ గంటలు ధరలో చేరతాయి. ఆ తర్వాత కూడా గుడ్డ పిగిలితే బాధ్యత ఎవరిదో ఆ రోజే అనుకోవాలి.

మూడో చిక్కు మార్పులది. టాకాలు వేశాక "ఆ నీలం ముక్క ఈ మూలకు మారిస్తే బాగుంటుందేమో" అన్న ఫోను వస్తుంది. ఒక ముక్క మార్చాలంటే దాని చుట్టూ ఉన్న నాలుగు కుట్లు విప్పాలి. కత్తిరించి నేల మీద పేర్చిన ఫొటో పంపి, ఒప్పుకున్నాకే కుట్టు మొదలుపెట్టి, ఆ తర్వాతి మార్పుకు గంట లెక్కన విడిగా తీసుకోవడం ఇద్దరికీ క్షేమం. అమెరికాలో పాత టీషర్టులతో క్విల్టులు కుట్టేవాళ్ళు చాలామంది ముక్కల సంఖ్యను బట్టి ధర చెబుతారు. ఎన్ని ముక్కలో ముందే తేలితే మార్పుల గొడవ అక్కడే సగం తగ్గిపోతుంది.

ముక్క కూలి, సంఘం బలం

ఒంటరిగా ఇంట్లో కూర్చుని కుట్టే మనిషికి ధర చెప్పే ధైర్యం రావడం కష్టం. పక్క వీధిలో ఇంకొకామె తక్కువకు కుడుతుందన్న భయం ఎప్పుడూ ఉంటుంది. ఈ భయం మీదే మధ్యవర్తులు బతుకుతారు. అహ్మదాబాద్‌లో మిల్లుల చిందీ గుడ్డ ముక్కలతో బొంత తొడుగులు కుట్టే స్త్రీలు ఏళ్ళ తరబడి వ్యాపారులు ఒక్కో తొడుగుకు ఇంత అని ఇచ్చే ముక్క కూలికి కుట్టారు. ఇలా భట్ అనే ఆమె 1972లో స్థాపించిన ‘సేవా’ (SEWA) అనే మహిళా కార్మిక సంఘం వాళ్ళను కూడగట్టింది. కూలి పెంచమని కలిసి అడగడంతో మొదలై, సొంత సహకార సంఘం పెట్టుకునేదాకా వెళ్ళారు. ముక్క కూలిలో దారం, మిషను నూనె, కరెంటు, చెడిపోయిన ముక్క అన్నీ కుట్టే మనిషి నెత్తినే పడతాయి. కలిసి లెక్క వేసుకుంటే తప్ప ఆ సంగతి బయటపడదు. ఇంటి దగ్గర పనిచేసేవాళ్ళ హక్కుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒప్పందం తెచ్చింది. దాని వెనక కూడా సేవా వంటి సంఘాల కృషి ఉంది. మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు.

అమెరికాలో అలబామా రాష్ట్రంలోని జీస్ బెండ్ కథ ఇంకా లోతైనది. నది వంపులో ఉన్న ఆ నల్లవాళ్ళ ఊళ్ళో స్త్రీలు పాత పనిబట్టలతో క్విల్టులు కుట్టుకునేవారు. 1965లో ఫ్రాన్సిస్ వాల్టర్ అనే మతగురువు తీగ మీద ఆరేసిన క్విల్టులు చూసి, ఒక్కోదానికి పది డాలర్లిచ్చి కొని న్యూయార్క్‌లో వేలం వేయించాడు. 1966లో ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అన్న సహకార సంఘం ఏర్పడింది. 1972లో సియర్స్ కంపెనీకి కార్డురాయ్ దిండు గలీబులు కుట్టే ఒప్పందం దొరికింది. నెలనెలా కూలి వచ్చింది గానీ ఆ గలీబుల మీద వాళ్ళ సొంత ఊహకు చోటు లేదు. 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో, తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో వాళ్ళ క్విల్టులు గోడకెక్కాయి, 2006లో తపాలా బిళ్ళల మీదికీ వచ్చాయి. ధరలు వేల డాలర్లకు చేరాయి. ఆ డబ్బులో తమకు రావాల్సింది రాలేదని 2007లో కొందరు కోర్టుకెళ్ళాల్సి వచ్చింది. 2021 నుంచి ఆ ఊరి స్త్రీలు ఆన్‌లైన్‌లో తమ పేర్లతో, తామే ధర పెట్టి అమ్ముకుంటున్నారు. పది డాలర్ల నుంచి ఇక్కడిదాకా రావడానికి అర్ధ శతాబ్దం దాటింది. కుట్టు మొదటి నుంచీ అంత గొప్పదే. ధర చెప్పే అధికారం ఎవరి చేతిలో ఉందన్నదే మారింది.

మనకు దగ్గర్లో ఉత్తర కర్ణాటక అడవి అంచున, యల్లాపూర్, హళియాళ ప్రాంతాల్లో, ఆఫ్రికా మూలాలున్న సిద్దీ స్త్రీలు కవంది అనే బొంతలు కుడతారు. అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకు వస్తారు. నాలుగు మూలలా మడత ముక్కలతో పువ్వు పెడితే గానీ పని పూర్తయినట్టు కాదు. 2004లో హెన్రీ డ్రూవల్ అనే కళాచరిత్రకారుడి తోడ్పాటుతో వాళ్ళొక సహకార సంఘం పెట్టుకున్నారు. మన తండాల్లో, పల్లెల్లో బొంత చేయి తిరిగిన స్త్రీలకు పొదుపు సంఘాలు ఇప్పటికే ఉన్నాయి. అవి అప్పుల లెక్కతో పాటు గంట కూలి లెక్క కూడా ఒకటి రాసుకుని, సభ్యులెవరూ దానికి దిగువన పని ఒప్పుకోకూడదని తీర్మానించుకుంటే అదే పెద్ద అడుగు.

చుట్టరికం దగ్గర

ఆర్డర్లలో ఎక్కువ భాగం తెలిసినవాళ్ళ నుంచే వస్తాయి. "పిన్నీ, నీకు కుట్టడమెంతసేపు, ఖాళీగానే ఉంటావుగా" అంటారు ప్రేమగానే. ఆమె కాదనలేదు, ధర అడగలేదు. పురుటికి బొంత బహుమానంగా ఇవ్వాలనుకుంటే ఆమె ఇష్టం, అది బహుమానమే. డబ్బు పెట్టి కుట్టించుకునేది మాత్రం పని. తగ్గించాలనిపిస్తే కాగితం మీద పూర్తి ధర రాసి, దాని కింద చుట్టరికం తగ్గింపు అని విడిగా రాసి ఇవ్వడం మంచిది. తగ్గించిందెంతో తీసుకున్నవాళ్ళకు తెలుస్తుంది. వాళ్ళు ఇంకొకరికి చెప్పేటప్పుడు పూర్తి ధరే చెబుతారు.

తేల్చి చెప్పాల్సింది

ఇన్ని పద్ధతులూ చూశాక నాకు తేలింది ఇది. అంగడి ధర, గుడ్డ ఖరీదు, చదరపు అడుగు ఈ మూడూ చేతి బొంతకు ధర కట్టలేవు, ఎందుకంటే చేతిని లెక్కలోకి తీసుకోవు. గంటలే ధరకు పునాది, గంటలకు కొలబద్ద దారం. దాని మీద సరుకు, ఖర్చులు, లాభం, గుడ్డ వల్ల వచ్చే ప్రమాదం వరసగా చేరాలి. ఆర్డరు అనేది నోటిమాటతో కాక అడ్వాన్సుతో, కాగితంతో మొదలవ్వాలి.

కుట్టించుకునేవాళ్ళం మనం చేయగలిగింది ఒకటుంది. ధర వినగానే ఎంత తగ్గిస్తావని అడిగే బదులు, ఎన్ని గంటలు పడుతుందని అడుగుదాం. వరసలు ఎంత ఎడంగా ఉంటాయో అడుగుదాం. డబ్బు సరిపోకపోతే కొలత తగ్గించమందాం, ముక్కలు పెద్దవి వేయమందాం, వరసలు కొంచెం ఎడంగా వేయమందాం. ధర తగ్గాలంటే పని తగ్గాలి, ఆమె గంట కూలి తగ్గకూడదు. ఈ ఒక్క నియమం ఇద్దరూ పాటిస్తే బొంత కుట్టే చేయి తర్వాతి తరానికి నేర్పడానికి కూడా మిగులుతుంది. కడుపు నింపని పనిని కూతురికి నేర్పాలని ఏ తల్లీ అనుకోదు.